ఆ కాయితం మీద నేను ఏలు పెట్ట

(ఆర్ట్ థెరపిస్ట్, అంటే బొమ్మలు వేయిస్తూ మానసిక చికిత్స చేసే ఒకామె, గత ఆదివారం హిమాయత్‌నగర్‌లో స్కూలు టీచర్లు, కౌన్సెలర్లు, కొందరు తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడ కాస్త కత్తిరించాం.)

నమస్కారం. వెనక వరసలో వాళ్లకు వినిపిస్తోందా? ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి... సరే, వినిపిస్తోందన్నమాట.

ఇందాక పరిచయం చేసిన అమ్మాయి నన్ను "బొమ్మలు చూసి మనసు చదివే మేడమ్" అంది. వినడానికి బాగుంది గాని అబద్ధం. నిజంగా అలా చదవగలిగితే చిలకజోస్యం ఆయన పక్కన ఇంకో గొడుగు వేసుకుని కూర్చునేదాన్ని, ఇంతకు నాలుగింతలు సంపాదించేదాన్ని. పెళ్లిళ్లకు వెళ్తే నాకు ఇదే బాధ. ప్లేటు చేతిలో ఉంటుంది, ఎవరో ఒకరు ఫోన్ తీసి మనవడు వేసిన బొమ్మ చూపిస్తారు. "చూడమ్మా, వాళ్ల నాన్నను చేతుల్లేకుండా వేశాడు, ఏమైనా ఉందంటావా?" అని. ఉంది. వాడికి నాలుగేళ్లు. ఆ వయసులో పిల్లలు గుండ్రంగా ఒక తలకాయ గీసి దానికే కాళ్లు తగిలిస్తారు. చేతులు తర్వాత ఎప్పుడో వస్తాయి. ఈ ముక్క చెబితే వాళ్లకు కొంచెం నిరుత్సాహం.

మా నాన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకు బ్యానర్లు వేసేవారు. నా చదువు ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఆ షెడ్డులోనే అంటాను. చిన్న ఫోటో మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్ద గుడ్డ మీద సుద్దతో కొట్టి, ఏడెనిమిది మంది ఒకే బొమ్మ మీద పనిచేసేవారు. సగం మంది తెలుగు, సగం మంది ఉర్దూ, తిట్లు మాత్రం రెండింట్లో కలిపి. హీరో మొహం ఉస్తాద్ వేయాలి. ఇంకొకరు బ్రష్ పెట్టడానికి వీల్లేదు. చీరలూ చొక్కాలూ రెండోవాడివి, ఆకాశం కొత్తగా చేరిన కుర్రాడిది. మా నాన్న పదకొండేళ్లు ఆకాశం, అక్షరాలు, అంతే. ఒకరోజు ఉస్తాద్‌కు జ్వరమొచ్చి విలన్ కనుబొమ్మలు ఈయన వేశారు, ఆ రాత్రి ఇంటికి జిలేబీ వచ్చింది. ఒకే గుడ్డ మీద నలుగురు పనిచేస్తుంటే ఎవరికి ఎంత చోటు, ఎవరు ఎవరి మీంచి బ్రష్ పోనివ్వొచ్చు, ఎవరు అడగాలి, ఎవరు అడగక్కర్లేదు అన్నది నేను అక్కడే చూశాను. తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లి డబ్బు కట్టి చదువుకున్నదీ ఇంచుమించు అదే, పేర్లే వేరు.

ఈ ఆర్ట్ థెరపీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి ముందుకు వెళ్తాను, ఎక్కువసేపు పట్టదు. ఏడ్రియన్ హిల్ అని ఇంగ్లండ్‌లో ఒక చిత్రకారుడు. క్షయ వచ్చి శానిటోరియంలో పడుకుని, మంచం మీదే బొమ్మలు వేసుకుంటూ, పక్క మంచాల వాళ్ల చేత కూడా వేయించాడు. 1942లో ఆ మాట పుట్టించింది ఆయనే అంటారు. అమెరికాలో మార్గరెట్ నాంబర్గ్. ఆమెకు బొమ్మ అంటే మాటకు దారి, వేశాక దాని గురించి మాట్లాడించాలి. ఎడిత్ క్రేమర్‌కు అలా కాదు, వేయడంలోనే సగం వైద్యం అయిపోతుంది. ఈ ఇద్దరి మధ్య గొడవ ఇప్పటికీ మా క్లాసుల్లో నడుస్తూనే ఉంటుంది, పరీక్షలో కూడా వస్తుంది.

క్రేమర్ దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఆమె వియన్నా పిల్ల, 1916లో పుట్టింది. ఆమె గురువు పేరు ఫ్రీడల్ డికర్ బ్రాండైస్. హిట్లర్ వస్తున్నాడని 1938లో శిష్యురాలు న్యూయార్క్ వెళ్లిపోయింది, గురువు వెళ్లలేదు. ఫ్రీడల్‌ను 1942లో టెరెజిన్ అనే చోట, నాజీలు యూదులను బంధించి ఉంచిన గెట్టోలో పడేశారు. లోపలికి తీసుకెళ్లనిచ్చిన కొద్దిపాటి సామానులో ఆమె బొమ్మల సరంజామా పెట్టుకుంది. అక్కడి పిల్లలకు, దొరికిన కాగితం ముక్కల మీద, ఆఫీసు ఫారాల వెనకవైపు, బొమ్మలు నేర్పింది. ప్రతి పిల్ల చేత పేరు రాయించేది. అక్కడికి తెచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు తగిలించేవారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపి చంపేశారు. పోయే ముందు రెండు సూట్‌కేసులు దాచిపెట్టింది, అందులో సుమారు 4,500 బొమ్మలు. ఇప్పుడు ప్రాగ్‌లో యూదు మ్యూజియంలో ఉన్నాయి. కాగితం వెనకవైపు, దాని మీద పేరు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, కాగితం సంగతికి మళ్లీ వస్తాను.

ఇక కుటుంబం. మొదట్లో ఇదంతా ఒక్కో పేషెంటుతో ఒంటరిగా చేసే పని. 1950ల చివర్లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో హన్నా యాక్సా క్వియాట్కోవ్‌స్కా అనే ఆమె పనిచేసేది. శిల్పి, పోలండ్ మనిషి. పేషెంట్లను చూడ్డానికి వచ్చిన చుట్టాలు అలా బొమ్మల గదిలో కూర్చుండిపోవడం, వాళ్లూ ఒక రంగు తీసుకుని గీయడం మొదలైందట. చూస్తే పేషెంటు ఒంటరిగా వేసిన బొమ్మలో కనిపించనిది, అమ్మ పక్కన కూర్చుని వేసినప్పుడు కనిపిస్తోంది. అక్కడి నుంచి ఆమె ఒక పద్ధతి తయారుచేసింది. అందరూ ఒకేచోట కూర్చుని ఆరు బొమ్మలు. ఇష్టమొచ్చింది ఒకటి, మీ కుటుంబం ఒకటి, మనుషుల ఆకారాలు లేకుండా కుటుంబమే ఇంకొకటి, పిచ్చిగీత లోంచి తీసిన బొమ్మ, అందరూ కలిసి ఒకే పిచ్చిగీత లోంచి తీసిన బొమ్మ, చివర మళ్లీ ఇష్టమొచ్చింది. 1978లో పుస్తకం వేసింది.

నా మీద ఎక్కువ ప్రభావం ఉన్న మనిషి మాత్రం హెలెన్ లాండ్‌గార్టెన్. లాస్ ఏంజెలెస్‌లో పనిచేసింది, ఆర్ట్ థెరపీకి కాలేజీ కోర్సు నిలబెట్టింది, 1987లో కుటుంబాలతో పని గురించి పుస్తకం రాసింది, 2011లో పోయింది. ఆమె నియమాలు వింటే పిల్లలాటలా ఉంటాయి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రంగు స్కెచ్ పెన్. చివరిదాకా ఆ రంగు మార్చకూడదు. మొదట రెండు జట్లు, జట్టుకో కాగితం, మాటల్లేవు, సైగల్లేవు. తర్వాత అందరికీ కలిపి ఒక్క కాగితం, అప్పుడూ మాటల్లేవు. మూడోసారి మాట్లాడుకోవచ్చు. మనం చూడాల్సింది బొమ్మ ఎంత బాగుంది అని కాదు. ఆమె 17 ప్రశ్నలు ఇచ్చింది. మొదట గీత పెట్టింది ఎవరు, ఎవరు పెట్టింది ఎవరూ పట్టించుకోలేదు, ఎవరి గీత మీద ఎవరు గీశారు, ఎవరు తన మూలలోనే ఉండిపోయారు, ఇలాంటివి. రంగు మార్చకూడదు గనక ఎవరు ఎక్కడ తిరిగారో కాగితం మీద అచ్చు పడిపోతుంది, బురదలో చెప్పుల గుర్తుల్లాగా.

మీరు ఇంటికి వెళ్లి ఇది చేసి చూస్తారని నాకు తెలుసు. వద్దంటే ఆగరు. చేయండి గాని, అయ్యాక అత్తగారికి అర్థం చెప్పడానికి కూర్చోకండి.

నేను లాస్ ఏంజెలెస్ వెళ్లింది తొంభైల్లో. మొదటి క్లాసులోనే మా ఇంటిని గీయమన్నారు. గీశాను. గుమ్మం ముందు ముగ్గు, గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు, లోపల అమ్మ, నాన్న, నాయనమ్మ, మేనత్త, ఇద్దరు తమ్ముళ్లు, అద్దెకున్న మాస్టారు. పక్కన కూర్చున్న అమ్మాయి చూసి, గుమ్మానికి కత్తులెందుకు వేలాడుతున్నాయి అంది. మిరపకాయలు. ఆమె తప్పేం లేదు, నేను ఎర్ర రంగు లేక నల్లతో వేశాను. క్లాసు నడుపుతున్న ఆయన మాత్రం ఇంతమంది ఒకే ఇంట్లో ఉంటే నీకంటూ ఉన్న చోటు ఏది అని దాని మీదే తిరిగారు. నాకు చోటు లేదని బాధ పడాలేమో అని ఆ రాత్రి హాస్టల్లో కాసేపు ప్రయత్నించాను కూడా.

మూడు నెలలు కాలేదు, అదే పని నేను ఇంకొకరికి చేశాను. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం. తొమ్మిదేళ్ల పిల్లాడు తాతను పుర్రెగా వేశాడు, కళ్ల చుట్టూ పూలు, నవ్వు మొహం. నేను రిపోర్టులో మృత్యుభయం, అణచుకున్న కోపం, ఇంకా ఏవేవో రాసేశాను, నాలుగు పేజీలు. మా సూపర్‌వైజర్ చదివి ఒక్కటే అడిగింది, "వాణ్ణి అడిగావా?" అడగలేదు. అది నవంబరు మొదటివారం. వాళ్లకు ఒకటో తేదీ, రెండో తేదీ పోయినవాళ్ల పండగ. ఇంట్లో మెట్లుగా అమర్చి, ఫోటో పెట్టి, బంతిపూలు పోసి, ఆయనకిష్టమైన తిండి పెడతారు, చక్కెరతో పుర్రెలు చేస్తారు. బంతిపూలు! పెత్రమాస నాడు మా నాయనమ్మ విస్తట్లో తాతకు బీడీ కట్ట పెట్టేది. ఆ ఇంట్లో పుట్టి పెరిగి, పుర్రె చూడగానే పుస్తకం తీశాను. ఇప్పటికీ ఆ నాలుగు పేజీలు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

అక్కడ ఇంకొకటి చూశాను, దీని అవసరం చివర్లో వస్తుంది. వలస వచ్చిన ఇళ్లలో పిల్లలే దుబాసీలు. అమ్మకు ఇంగ్లీషు రాదు, డాక్టరు దగ్గరికి పదేళ్ల పిల్లను తీసుకెళ్తుంది. డాక్టరు చెప్పింది ఆ పిల్ల అమ్మకు చెప్పాలి. "గడ్డ" అన్న మాట తల్లికి తన నోటితో చెప్పాల్సి వచ్చిన పిల్లను నేను చూశాను. ఇంటి ఓనరు తిట్లు నాన్నకు అనువాదం చేయాలి, ఎంత తగ్గించి చేయాలో తానే తేల్చుకోవాలి. మేము కాగితం, రంగులు పెట్టినప్పుడు ఆ పిల్లలకు మొదట కలిగే సుఖం ఏమిటంటే, కాసేపు ఎవరికీ ఏదీ తిప్పి చెప్పక్కర్లేదు. కొందరైతే ఏమీ వేసేవాళ్లు కాదు, ఊరికే కూర్చునేవాళ్లు. నేను కూర్చోనిచ్చేదాన్ని.

తర్వాత కొన్నేళ్లు అక్కడే పాఠాలు చెప్పి, నాన్నకు పక్షవాతం వచ్చాక తిరిగి వచ్చేశాను.

వచ్చి మొదట చేసిన పని, లాండ్‌గార్టెన్ కొలాజ్ పద్ధతి ఇక్కడ పెట్టడం. 1993లో ఆమె దాని మీద ఒక పుస్తకం వేసింది, రకరకాల జాతుల వాళ్లతో పనిచేసేవాళ్ల కోసం. బొమ్మ వేయడం రాదని సిగ్గుపడేవాళ్లకు ఇది హాయి. ఒక పెట్టెలో మనుషుల ఫోటోలు, ఇంకో పెట్టెలో వస్తువులవి. నచ్చినవి తీసి అతికించాలి. మనుషుల బొమ్మలు నాలుగో ఐదో తీసి, వీళ్లు మనసులో ఏమనుకుంటున్నారు, పైకి ఏమంటున్నారు చెప్పాలి. ఆ రెండూ ఒకటి కావుగా! చివర్న ఒకే ఒక్క మనిషి బొమ్మ తీసి, ఈయనకు ఏమవుతోంది, అది మారుతుందా, మారితే దేనివల్ల అని. ఆమె పట్టుబట్టిందల్లా ఒక్కటే, పెట్టెలో ఎదుటి మనిషి జాతివాళ్ల మొహాలు ఉండి తీరాలి.

నేను ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత మ్యాగజైన్లు కొన్నాను, రెండు సంచులు, బేరమాడి. ఇంటికొచ్చి కత్తిరించడానికి కూర్చుంటే అందులో ఉన్నవాళ్లంతా తెల్లటి తెలుపు. ఫేస్‌క్రీము తెలుపు. తల్లులందరికీ పాతికేళ్లు, ముసలివాళ్లంతా ఇన్సూరెన్స్ ప్రకటనల్లో పార్కులో నవ్వుతున్నారు. పనిచేస్తున్న ఆడమనిషి ఒక్కతి లేదు, గిన్నెల సబ్బు ప్రకటనలో తప్ప, అందులో కూడా గాజులు తడవలేదు. బోరబండ నుంచి వచ్చే అమ్మకు ఇందులో తన మొహం ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు కిరాణా కొట్టు క్యాలెండర్లు, శుభలేఖలు, చీరల షాపు పాంప్లెట్లు, పేపర్లో దినం ప్రకటనలు, ఎన్నికల కరపత్రాలు పోగేశాను. కరపత్రాలు బ్రహ్మాండంగా పనికొచ్చాయి. చేతులు జోడించి నవ్వే మొహాలు కదా, పైకి ఏమంటున్నారు, లోపల ఏమనుకుంటున్నారు అంటే ఎవరైనా టకటకా చెప్పేస్తారు. ఒకామె అలాంటి ఫోటో తీసి, "మా ఆయన, పెళ్లిచూపులప్పుడు" అంది. దినం ప్రకటనలు మాత్రం తర్వాత తీసేశాను. ఒకతను అందులో తనకు తెలిసిన మనిషిని చూశాడు. నాకు ముందే తట్టాల్సింది.

హైదరాబాద్‌లో బహుళ సంస్కృతి అంటే వేరే దేశం వెళ్లక్కర్లేదు. ఒకే వారంలో తెలుగు, దక్కనీ, మార్వాడీ, లంబాడీ, ఇటుక బట్టీల నుంచి ఒడియా. ఒక అమ్మాయి వాళ్లమ్మను నిలువునా నల్లగా వేస్తే నా స్టూడెంట్ ఒకతను డిప్రెషన్ అని రాసుకొచ్చాడు. బురఖా నాయనా అది. ఆ అమ్మ బయటికి వెళ్లినప్పుడు ఎలా ఉంటుందో ఆ పిల్ల అలా వేసింది. తెలుపు అంటే మా క్లాసు పుస్తకంలో పెళ్లికూతురు, మనలో చాలామందికి వేరే. చిన్న పిల్ల తన మొహం మీదే నల్లచుక్క పెట్టుకుంటే దిష్టిచుక్క కావచ్చు, పుట్టుమచ్చ కావచ్చు, స్కెచ్ పెన్ జారి ఉండొచ్చు.

సరే, ఇప్పుడు అసలు చెబుదామని వచ్చింది. ఒక్క కుటుంబం గురించి. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను, ఇంకో ఇంటి సంగతులు కొన్ని ఇందులో కలిపాను.

పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆయన ఆటో, ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది, పదకొండేళ్ల బాబు, నాయనమ్మ. బాబు క్లాసులో చదవడం మానేశాడు. పరీక్ష రాస్తాడు, లెక్కలు చేస్తాడు, ఆడతాడు. తెలుగు పీరియడ్‌లో లేచి చదవమంటే నోరు విప్పడు. గొంతు డాక్టరు, చెవుల డాక్టరు చూసి ఏం లేదన్నారు. స్కూలు వాళ్లు ఈసారి ఇంకో స్కూలు చూసుకోమన్నారు. అప్పుడొచ్చారు నా దగ్గరికి.

మొదటి రోజు కింద చాప వేసి, చార్టు పేపరు పరిచి, నాలుగు స్కెచ్ పెన్నులు పెట్టాను. మాటల్లేకుండా అన్నాను. ఆయన నల్లది తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు రోడ్డు వేశాడు. ఆమె ఆకుపచ్చతో ఒక మూల చిన్న ఇల్లు. బాబు చాలాసేపు నీలం పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుని, చివరికి రోడ్డు పక్కన ఒక కరెంటు స్తంభం వేసి, దానికి తీగలు గీశాడు. తీగలు, తీగలు, కాగితం అంచు దాకా. నాయనమ్మకు ఎరుపు మిగిలింది. తీసుకోలేదు. రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది.

"అవ్వా, నువ్వు కూడా గీయి" అన్నాను, నా నియమం నేనే తప్పి.

"ఏం కాయితం బిడ్డా ఇది?" అంది.

"ఏం లేదవ్వా, ఉత్త కాయితమే."

"ఉత్త కాయితమైతే మరీ పెట్ట. నేను దీనిమీద ఏలు పెట్ట."

కొడుకు పెద్దగా నవ్వాడు. కోడలు నవ్వలేదు. పిల్లాడు చాప అంచు పీకుతున్నాడు. నేను నోట్‌బుక్‌లో "పెద్దావిడ సిగ్గు, రెసిస్టెన్స్" అని రాసుకున్నాను, అంటే చికిత్సకు లొంగకుండా మొరాయించడం. పిల్లాడి స్తంభం గురించి "ఇంట్లో వాళ్లందరినీ కలపాలన్న తపన, కనెక్షన్" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీత సంగతి చెబుతాను ఆగండి.

రెండో వారం కాగితం తీసేసి కుండలవాళ్ల మట్టి తెచ్చాను. అవ్వ ఒక్క క్షణం ఆలోచించలేదు. కొంగు దోపి, మట్టి పిసికి, పది నిమిషాల్లో మూడు గడ్డల పొయ్యి, దాని మీద కుండ, ఊదుగొట్టంతో సహా చేసి పెట్టింది. మనవడు పుల్లలు తెచ్చాడు. అంటే సిగ్గు లేదు, నా మీద అనుమానం లేదు. ఆమెకు పడనిది కాగితం. నేను ఇరవై ఏళ్లుగా అందరి ముందూ తెల్లకాగితం పరిచి "ఏమైనా గీయండి, ఏం భయం లేదు" అంటున్నదాన్ని. సంతకం రానివాళ్ల ముందు తెల్లకాగితం పెడితే వాళ్లకు ఏం గుర్తొస్తుందని ఒక్కసారీ అనుకోలేదు. జీవితంలో ఆమె ముందుకు కాగితం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది.

మూడో వారం, కొడుకు రాలేదు, అడిగాను. ఊళ్లో ముప్పై గుంటల చెలక ఉండేది, ఆమె పేరు మీద. ఒకరోజు బాండు కాయితం తెచ్చి ఏలిముద్ర పెట్టమన్నారు. ఏం కాయితం అంటే, బోరు మోటరుకు కరెంటు కనెక్షన్ కాయితం అన్నారు.

నేను నోట్‌బుక్ మూసేశాను.

"ఎవరు చదివి చెప్పిన్రవ్వా?"

ఆమె మనవడి వైపు చూడలేదు. గోడ వైపు చూసి, "ఇంట్ల సదువొచ్చినోడు ఎవడు?" అంది.

నలుగురి ముందు పిల్లాడి చేతికి కాగితం ఇచ్చి చదవమన్నారు. ఉన్నది చదవొద్దు, నేను చెప్పింది చదువు అని తండ్రి ముందే నేర్పాడు. కరెంటు, మోటరు, కనెక్షన్. వాడు కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని లేనివన్నీ చదివాడు. ఆ తర్వాత ఎవరైనా కాగితం చేతికిచ్చి నిలబెట్టి చదవమంటే వాడికి నోరు రాలేదు. అంతకుమించి ఇందులో జబ్బు ఏమీ లేదు.

ఆ తండ్రి దుర్మార్గుడని మీకు ఇప్పుడు అనిపిస్తుంది, నాకూ ఆ వారం అనిపించింది. ఆటో ఫైనాన్సు మూడు కిస్తులు బాకీ పడి, బండి ఎత్తుకెళ్తారని టెన్షన్‌లో చేసిన పని. అమ్మను అడిగితే కాదంటుందని కాదు, అడగడానికి మొహం చెల్లక. నాలుగో వారం వచ్చాడు, ఆలస్యంగా, ఖాకీ చొక్కాతో. మూలన కూర్చుని ఎవరివైపూ చూడకుండా, "సదివింది ఆడు, సదివించింది నేను" అన్నాడు.

అవ్వ వెంటనే, "నాకు అప్పుడే ఎరుకాయె" అంది.

మేమంతా ఆమె వైపు తిరిగాం. "సదువుతుంటే పిల్లగాని గొంతు వణికింది. గా మాత్రం ఎరుక కాదా నాకు?"

"మరి ఏలు ఎందుకు పెట్టినవవ్వా?"

"పిల్లగాడు అబద్ధమాడుతుండని నలుగుర్ల ఎట్లంట బిడ్డా?"

నేను అప్పుడు ఏం మాట్లాడానో గుర్తులేదు, మాట్లాడలేదేమో కూడా. పిల్లాడు లేచి బయటికి వెళ్లాడు, వాళ్లమ్మ వెనకే వెళ్లింది. చాలాసేపటికి వచ్చారు. అప్పుడు అవ్వ తనే చార్టు పేపరు పరవమంది. స్కెచ్ పెన్ వద్దంది. మూతలో ఎర్ర రంగు కలిపి పెట్టాను. కుడిచెయ్యి చాచింది. బొటనవేలు అరచేతిలోకి ముడిచేసి, చిటికెన వేలు ముంచి, చుక్కలు పెట్టుకుంటూ పోయింది. ముగ్గు చుక్కలు కావు, వరసా లేదు, లెక్కా లేదు. బొటనవేలు మాత్రం చివరిదాకా బయటికి రానివ్వలేదు. ఒకచోట కొడుకు రోడ్డు వేయబోతే ఆయన చెయ్యి పక్కకు నెట్టింది. నెట్టి, ఇంకొంచెం పైన చోటు చూపించింది, అక్కడ వేసుకొమ్మని. 17 ప్రశ్నల్లో ఇది ఎన్నో ప్రశ్న కిందికి వస్తుందో నేను చూసుకోలేదు.

చెలక తిరిగి రాలేదు, అది వేరేవాళ్ల పేరు మీదికి పోయింది. కోడలు మొగుడితో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదనే విన్నాను. మూడు నెలలకు తెలుగు టీచర్ ఫోన్ చేసి, "నిలబడి చదవట్లేదు మేడమ్, కూర్చుంటే చదువుతున్నాడు" అంది. అయితే కూర్చోబెట్టే చదివించండి అన్నాను.

అప్పటి నుంచి నేను మార్చుకున్నవి కొన్నే. మొదటిరోజు కాగితం పెట్టను. పలకలు, మట్టి, పాత గుడ్డ, పప్పులు, వచ్చినవాళ్లు ఏది ముట్టుకుంటే అది. బొమ్మ చూసి ఏదైనా అర్థం తట్టిందా, నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాస్తాను, పక్కన ప్రశ్న గుర్తు పెడతాను. పిల్లల చేత పెద్దల మాటలు అనువాదం చేయించను, నాకు రాని భాష అయితే పెద్దవాళ్లెవరినైనా పిలుస్తాను, దొరక్కపోతే సెషన్ వాయిదా. నా స్టూడెంట్లకు ఇది విసుగు. కోర్సు ఫీజు కట్టింది అర్థాలు నేర్చుకోవడానికి, ఈమె ఏమో అడుగు అడుగు అంటుంది అని.

ఇంక ప్రశ్నలుంటే అడగండి, టైమ్ ఎంతైంది?

(ప్రశ్న: వారాంతం కోర్సు చేసి ఆర్ట్ థెరపిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చా?)

పెట్టుకుంటున్నారు. ఇంగ్లండ్‌లో అయితే ఆ పేరు చట్టం కింద ఉంది, నమోదు లేకుండా వాడితే నేరం. ఇక్కడ రెండు రోజుల సర్టిఫికెట్‌తో బోర్డులు పెట్టినవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. పిల్లలతో రంగులు వేయించండి, మంచిదే, అందరూ వేయించాలి. చికిత్స అన్నారంటే మాత్రం ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు, మీ పని పైనుంచి ఎవరు చూస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. డాక్టరు ఫీజు అడిగినట్టే.

(ప్రశ్న: మా పాప సూర్యుడిని నల్లగా వేసింది, భయపడాలా మేడమ్?)

పాపను అడిగారా? లేదు కదా. ఇంటికెళ్లి క్రేయాన్ల డబ్బా కూడా ఒకసారి చూడండి, పసుపు ఉందో అయిపోయిందో.

(ప్రశ్న: ఆ అవ్వ వేసిన చుక్కల బొమ్మ చూపించొచ్చు కదా, స్లైడ్లు ఏమీ పెట్టలేదు?)

నా దగ్గర లేదండి. మామూలుగా బొమ్మలు ఫైల్లో దాస్తాం, తేదీ వేసి. ఆ రోజు రంగు ఆరాక నేను తీయబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "నా ఏలున్న కాయితం నీ దగ్గరెందుకు బిడ్డా?" అంది. నాలుగు మడతలు పెట్టి, బొడ్లో సంచిలో దోపుకుని పోయింది.